జీపుకు తగిన ఊపిరి

పిల్లలూ, నేను ముప్ఫై ఏళ్లకు పైగా సైన్సు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. అయినా ఒక పాఠాన్ని అరవై ఆరో ఏట మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవలసివచ్చింది. నాకు ఆ పాఠం నేర్పినది మా పాత జీపు.

మాది చీమకుర్తి. మా నాన్నగారు పత్తి, మిరప పండించేవారు. 1974లో ఆయన వేలంపాటలో ఒక పెట్రోలు జీపు కొన్నారు. అప్పటికి పెట్రోలు ధర బాగా పెరిగింది గనక అది చవకగా వచ్చింది. మిరపకాయల బస్తాలు మోసినదీ, మా చెల్లెలి పెళ్లికి చుట్టాలను తెచ్చినదీ, నేను ట్రెయినింగు కాలేజీలో చేరేందుకు బయలుదేరిననాడు నన్ను ఒంగోలు స్టేషనులో దింపినదీ ఆ జీపే.

జీపు పుట్టినది అమెరికాలో. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యాల కోసం అక్కడ ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశారు. యుద్ధం అయ్యాక మన దేశంలో మహీంద్రా కంపెనీ వాటిని బిగించటం మొదలుపెట్టింది. మా జీపు ఆ వంశానిదే: నాలుగు సిలిండర్లు, ఇంచుమించు 2.2 లీటర్ల ఇంజను.

నాన్నగారు పోయాక జీపు కొట్టంలో పడి ఉంది. రెండేళ్లకిందట మా తమ్ముడు, “అన్నయ్యా, దీన్ని తుక్కుకు వేసేద్దామా?” అన్నాడు. నాకు ప్రాణం ఒప్పలేదు. ఒంగోలునుంచి ఒక ముసలి మెకానిక్కును పిలిపించాను. ఆయనను అందరూ సాయిబుగారనే పిలుస్తారు.

సాయిబుగారు ఇంజను తిప్పించి, కాసేపు చెవి ఒగ్గి విని, “మేష్టారూ, ఇంజను నిక్షేపంగా ఉంది. కార్బ్యురేటరే అరిగిపోయింది. ఇరుసు పక్కనుంచి గాలి లోపలికి దూరిపోతున్నది. ఇదే కొలత గలది కొత్తది వేస్తే చాలు,” అన్నాడు.

నాకు ఆ మాట రుచించలేదు. కొత్తది వేసేటప్పుడు ఇంకా పెద్దది వేస్తే జీపు మరింత జోరుగా పోదా అనిపించింది. నా శిష్యుడొకడు అమెరికాలో ఉంటున్నాడు. వాడికి పాత కార్లంటే మోజు. షెవర్లే కంపెనీవారి కార్వెట్ అనే పాత స్పోర్ట్స్ కారొకటి కొని, తన చేతులతోనే మరమ్మతు చేసుకుంటూ ఉంటాడు. వాడికి ఫోను చేసి, సంక్రాంతికి వచ్చేటప్పుడు పెద్ద కార్బ్యురేటరొకటి తెచ్చిపెట్టమన్నాను.

వాడు తెచ్చాడు. రెండు గొట్టాలు, తళతళలాడే అల్యూమినియం! “మేష్టారూ, ఇది ఎనిమిది సిలిండర్ల బండిది...” అని నసిగాడు.

“పెద్దదయితే మంచిదేగా!” అన్నాను. వాడు ఇక మాట్లాడలేదు.

సాయిబుగారు కూడా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా ముఖంకేసి ఒకసారి చూసి, “మీరు చదువుకున్నవారు. మీ ఇష్టం,” అన్నాడు. లేతు షాపులో ఒక అడ్డుపలక చేయించి, దానిమీద ఆ కార్బ్యురేటరు బిగించాడు.

జీపు కదిలింది. తిన్నగా వెళుతున్నంతసేపూ బాగానే ఉండేది. కాని మెల్లగా పోయేటప్పుడు దగ్గేది. పెట్రోలు మంచినీళ్లలా తాగేది. “కొత్తది గదా, సర్దుకుంటుంది,” అనుకున్నాను.

ఒక ఆదివారం ఏడో తరగతి చదివే మా మనమరాలిని ఎక్కించుకుని పొలంనుంచి వస్తున్నాను. కల్లాలలో మిరపకాయలు ఎండుతున్న రోజులవి. మట్టిబాటనుంచి ఒంగోలు-కర్నూలు రోడ్డు ఎక్కాలి. మా ఊరి నల్లరాతికి దేశదేశాల పేరున్నది గదా, ఆ రోడ్డుమీద గ్రానైటు బండల లారీలకు లెక్కలేదు. దూరంగా ఒక లారీ వస్తున్నది. తొందరగా దాటవచ్చునని యాక్సిలరేటరు గట్టిగా తొక్కాను. జీపు ముందుకు దూకటానికి మారుగా ఒక్క దగ్గు దగ్గి, నడిరోడ్డుమీద ఆగిపోయింది!

లారీ హారను మోగింది. బ్రేకులు కీచుమన్నాయి. పది గజాల దూరంలో అది ఆగింది. దానిమీద మా ఇల్లంత బండ ఉంది. డ్రైవరూ క్లీనరూ దిగి వచ్చి, ఒక్క మాటయినా అనకుండా, జీపును పక్కకు తోసిపెట్టి వెళ్లారు. వాళ్లు తిట్టినా బాగుండేది. మా మనమరాలు నా చెయ్యి పట్టుకుని వణికిపోతున్నది.

ఆ రాత్రి అది అన్నం తింటూ అడిగింది: “తాతయ్యా, సాగరు కాలువ తూము దగ్గిర సన్నబడుతుంది గనక నీళ్లు వడిగా పోతాయి, కాలువ వెడల్పయితే మెల్లగా పోతాయి అని నువ్వే చెప్పావుగా? మరి పెద్ద గొట్టంలో గాలి కూడా మెల్లగానే పోతుంది గదా?”

నేను ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను.

కార్బ్యురేటరు ఇంజనుకు ముక్కువంటిది. గాలి పోయే గొట్టం దానిలో ఒకచోట నొక్కినట్టు సన్నగా ఉంటుంది. సన్నని చోట గాలికి వేగం హెచ్చుతుంది. వేగం హెచ్చినచోట ఒత్తిడి తగ్గుతుంది. దీన్ని గురించి బెర్నూలీ అనే శాస్త్రజ్ఞుడు 1738లోనే ఒక గ్రంథం అచ్చువేశాడు. ఆ సన్నని చోటనే పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం ఉంటుంది. ఒత్తిడి తగ్గినందువల్ల పెట్రోలు పైకి లేచి, తుంపరగా విడిపోయి, గాలిలో కలిసి ఇంజనులోకి పోతుంది.

మీరు కూడా దీన్ని ఇంట్లో చేసి చూడవచ్చు. గ్లాసునిండా నీళ్లు పోసి, అందులో ఒక పొట్టి గొట్టం నిలబెట్టండి. దాని పైకొస నీటికి కొంచెమే ఎత్తున ఉండాలి. ఇంకో గొట్టంతో ఆ కొసమీదుగా అడ్డంగా గట్టిగా ఊదండి. నీళ్లు పైకి లేచి తుంపరగా చిమ్ముతాయి. మెల్లగా ఊదితే ఏమీ జరగదు. మా జీపుకు జరిగినది అదే! గొట్టం మరీ వెడల్పు కావటంతో, గాలి మెల్లగా పోయింది, పెట్రోలు లేవలేదు, ఇంజను చచ్చింది.

ఆ రాత్రే మా మనమరాలూ నేనూ పలకా బలపం ముందు వేసుకుని లెక్క కట్టాం. మా ఇంజను రెండు చుట్లకొకసారి 2.2 లీటర్ల గాలి పీలుస్తుంది. నిమిషానికి 4,000 చుట్లు తిరిగినా 2,000 సార్లే పీలుస్తుంది. అంటే, ఎక్కువలో ఎక్కువ 4,400 లీటర్లు. నిజానికి అంతకూడా పట్టదు. 5.7 లీటర్లుండే ఎనిమిది సిలిండర్ల ఇంజను అదే వేగంలో 11,400 లీటర్లు పీలుస్తుంది. ఏనుగు ముక్కు తెచ్చి మేకకు అతికించానన్నమాట!

మర్నాడు అమెరికాలో ఉన్న శిష్యుడికి ఫోను చేశాను. వాడు నవ్వలేదు. “నేనూ అదే పొరపాటు చేశాను, మేష్టారూ. లెక్క కడితే నా కారుకు నిమిషానికి సుమారు 500 ఘనపుటడుగుల గాలి చాలు. గొప్పకోసం 750 అడుగులది కొన్నాను. సిగ్నలు దగ్గిర బయలుదేరేటప్పుడల్లా కారు ఆగిపోయేది. చివరకు 600ది వేశాక దారికి వచ్చింది,” అన్నాడు.

వాడే ఇంకో సంగతి చెప్పాడు. 1953లో వచ్చిన మొట్టమొదటి కార్వెట్‌కు ఆరు సిలిండర్లు. దానికి కార్టర్ కంపెనీ కార్బ్యురేటర్లు మూడు అమర్చారట. యుద్ధకాలపు జీపులకు కార్బ్యురేటర్లు ఇచ్చినదీ ఆ కంపెనీయే. పందెపు గుర్రంలాటి కారుకూ, బురదలో తిరిగే జీపుకూ ఒకే కంపెనీ ఊపిరి పోసింది. కాని, దేని కొలత దానికే!

“ఇదంతా నాకు ముందే ఎందుకు చెప్పలేదురా?” అన్నాను.

“మీకు ఎదురు చెప్పటం ఎట్లా, మేష్టారూ?” అన్నాడు వాడు.

లారీ హారను కన్న ఆ మాట నన్ను ఎక్కువ హడలగొట్టింది. సాయిబుగారికి తెలుసు, శిష్యుడికి తెలుసు. నా గొంతు పెద్దది కావటంచేత ఇద్దరూ ఊరుకున్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరు పిల్లలు నా తప్పు తెలిసి కూడా తలవంచుకు కూర్చున్నారో!

సాయిబుగారి దగ్గిరకు వెళ్లి, “తప్పు నాదే. మీరు చెప్పినదే వేద్దాం. ఈసారి నేను పొరబడితే మొహమాటపడకుండా చెప్పండి,” అన్నాను. ఆయన గడ్డం సవరించుకుని నవ్వాడు. ఇద్దరం విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. పాతదాన్ని గుడ్డలో చుట్టి వెంట తీసుకుపోయాం. గొట్టం వెడల్పు, బోల్టు రంధ్రాల మధ్య దూరం, యాక్సిలరేటరు కమ్మీ తగిలించే చోటు, అన్నీ సరిపోల్చి చూసిగాని కొనలేదు. ఒక దుకాణదారు ఇంకా పెద్దది చూపించాడు. సాయిబుగారు నాకేసి చూశాడు. నేను నోరు మెదపలేదు.

ఇప్పుడు జీపు మెల్లగా పోయినా దగ్గదు. 2020 ఏప్రిల్‌నుంచి మన దేశంలో కొత్త మోటారు సైకిళ్లకు కూడా దాదాపుగా కార్బ్యురేటర్లు లేవు. పెట్రోలును కొలిచి చిమ్మే ఎలక్ట్రానిక్ ఏర్పాటు వచ్చింది. ఎంత పెట్రోలు చిమ్మాలో అది గాలిని బట్టే తేల్చుకుంటుంది.

ఆ పెద్ద కార్బ్యురేటరును మా ఊరి స్కూలుకు ఇచ్చాను. అప్పుడప్పుడు వెళ్లి, దాన్ని చూపి పాఠం చెబుతూ ఉంటాను. “ఇది చెడిపోయిందా, మేష్టారూ?” అని పిల్లలు అడుగుతారు.

“లేదురా. ఇది చాలా మంచిది. మా జీపుకు తగదు, అంతే,” అంటాను. తరవాత, “నేను చెప్పినదాంట్లో తప్పేమన్నా ఉన్నదా?” అని అడిగి, ఎవరైనా చెయ్యి ఎత్తుతారేమోనని కాసేపు ఆగుతాను. కిందటి నెలలో ఒక పిల్లవాడు ఎత్తాడు.