ఆస్మాన్‌లో బస్సు

మా సూర్యాపేట బస్సుల మీద బతికిన ఊరు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే ముసాఫిర్లు దిగి చాయ్ తాగి మళ్లీ ఎక్కే ఊరు. మా అబ్బా ముప్పై ఏళ్లు ఆర్టీసీ డ్రైవర్. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ రోడ్ల మీద గుంతలన్నీ ఆయనకు పేరు పేరునా తెలుసు. జాన్‌పహాడ్ ఉర్సుకు స్పెషల్ బస్సులు వేస్తే డ్యూటీ అడిగి మరీ వేయించుకునేవాడు. అందుకేనేమో, పాత విమానాల గురించి చదువుతుంటే రాజులూ నవాబులూ కాకుండా ఒక బస్సుల మాలిక్ దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

ఆయన పేరు ఎడ్వర్డ్ హిల్‌మన్. లండన్ పక్కన రోమ్‌ఫర్డ్ ఊరు. పెద్ద చదువు లేదు. ఫౌజులో పనిచేశాడు, టాక్సీ నడిపాడు, తరవాత బస్సులు కొన్నాడు. కిరాయి తక్కువుండాలి, సీట్లు నిండాలి, బండి టైముకు కదలాలి, ఇంతే ఆయన హిసాబ్. 1932లో అదే హిసాబ్‌తో విమానాలు నడపడం మొదలుపెట్టాడు. పైలట్లను కూడా బస్సు డ్రైవర్ల లెక్కనే చూసేవాడని పేరు. ఆ మాటకు పైలట్ల ఇజ్జత్ తగ్గిందని కొందరు రాశారు. డ్రైవర్ ఇజ్జత్ పెరిగిందని నేను అనుకున్నాను.

అప్పుడు ఆయన నడిపిన వాటిలో డి హావిలాండ్ కంపెనీ ఫాక్స్ మాత్ ఒకటి. ఒకటే ఇంజన్. ముందు చిన్న డబ్బాలాంటి గదిలో ముగ్గురో నలుగురో ఇరుక్కుని కూర్చుంటారు. పైలట్ వాళ్ల వెనక, పైన కప్పు లేని చోట, గాలికీ వానకూ తడుస్తూ నడుపుతాడు. హిల్‌మన్‌కు ఇది చాల్లేదు. రెండు ఇంజన్లు పెట్టి, ఇంకా ఎక్కువ మందిని ఎక్కించే బండి చేసివ్వమన్నాడు. ఆర్థర్ హ్యాగ్ అనే ఇంజనీర్ కొత్త ఇంజన్ కోసం వెతక్కుండా, ఉన్న గిప్సీ మేజర్ ఇంజన్లనే రెండు తీసుకుని రెక్కకు ఒకటి బిగించాడు. ఒక్కోటి 130 హార్స్‌పవర్. ఒళ్లంతా ప్లైవుడ్డు పెట్టె, పైన గుడ్డ. చిన్న షెడ్డులో పట్టేలా రెక్కలు మడత పడతాయి. 1932 నవంబర్ 12న మొదటిసారి ఎగిరింది. పేరు డ్రాగన్. మరుసటి ఏప్రిల్ నుంచి హిల్‌మన్ వాటిని పారిస్‌కు నడిపాడు. 1934లో దీని పెద్ద తమ్ముడు డ్రాగన్ ర్యాపిడ్ వచ్చింది, అవి ఏడు వందలకు పైగా తయారయ్యాయి. హిల్‌మన్ మాత్రం ఆ ఏడాది ఆఖర్లోనే పోయాడు.

తారీఖులు చూస్తే ఇంకో సంగతి తగిలింది. అదే 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో, 166 మంది పనివాళ్లతో మన రోడ్ల మీదికి వచ్చింది. ఆర్టీసీకి అసలు బునియాద్ అదే. అదే 1932 అక్టోబర్ 15న జేఆర్డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి పస్ మాత్‌లో టపా మోసుకొచ్చాడు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ దాన్ని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. బళ్లారి బదులు తరవాత హైదరాబాద్ ఆ దారిలోకి వచ్చింది. అప్పట్లో ఉత్తరాలకు దొరికినంత జాగా మనుషులకు దొరకలేదు.

డ్రాగన్లు మన దేశానికీ వచ్చాయి. 1933 డిసెంబర్‌లో ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్ వాటితో కలకత్తా నుంచి రంగూన్ సర్వీసు మొదలుపెట్టింది. అదే రంగూన్‌కు మన తెలుగు కూలీలు కోస్తా రేవుల నుంచి ఓడల డెక్కు మీద పోయేవాళ్లు. పైన ఆరుగురు, కింద వందల మంది. కమాయి కోసం పోయేటోళ్లది అప్పుడు సముద్రమే. ఆస్మాన్ వాళ్లదాకా రావడానికి నలభై ఏళ్లకు పైనే పట్టింది, అదీ గల్ఫ్ పుణ్యమా అని.

మా చాచా అట్లా పోయినవాడే. రియాద్‌లో డ్రైవర్. మా ఖాన్‌దాన్‌లో విమానం ఎక్కిన మొదటి మనిషి. సామాను తూకం దాటకూడదని అమ్మీ మామిడికాయ అచార్ డబ్బాను మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టింది. 1998లో ఆయన మయ్యత్ బేగంపేటకు వచ్చింది. కాగితాలు తెమిల్చి పంపడానికి కంపెనీకి నెల పైన పట్టింది. అబ్బా కార్గో గేటు దగ్గర దస్తఖత్ చేశాడు. ఆ కాగితం మీద కిలోల్లో తూకం రాసి ఉంది. సూర్యాపేట దాకా వ్యాన్ తనే నడిపాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఖబరస్తాన్ నుంచి వచ్చాక అన్నది ఒక్కటే: “మనిషిని సామాను లెక్క ఇచ్చిండ్రు.”

అప్పటి నుంచి విమానం పేరెత్తితే లేచి వెళ్లిపోతాడు. మేం ఇద్దరం అన్నదమ్ములం పైసా పైసా జమచేసి అమ్మీనీ ఆయననూ ఉమ్రాకు పంపాలని నీయత్ చేసుకున్నాం. అమ్మీ ఇహ్రాం గుడ్డలు కూడా తెచ్చి పెట్టింది. అబ్బా “మీ అమ్మను పంపుండ్రి, నేను ఇంట్లనే దువా చేస్త” అన్నాడు. అమ్మీ ఆయన్ని వదిలి పోనంది. దస్తర్‌ఖాన్ మీద రెండు నెలలు ఇదే పంచాయితీ.

సేఫ్టీ గురించి ఎంత చెప్పినా వినలేదు. ఆయన భయం పడిపోతుందని కాదు కదా. ఒకరోజు హిల్‌మన్ కథ చెప్పాను. బస్సుల మాలిక్ అనగానే చాయ్ కప్పు కింద పెట్టాడు.

“మైలేజ్ కిత్తా దేతా?”

గంటకు 13 గ్యాలన్లు తాగి, వంద మైళ్లకు పైగా పోయేదని చెప్పాను. వేళ్ల మీద లెక్కేసి, “లీటరుకు మూడు కిలోమీటర్లు. మా బస్సే నయం” అన్నాడు. ఆరుగురు ముసాఫిర్లు, తలకు 20 కిలోల సామాను అన్నాను. ఆ ఇరవై దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

ఇంకోరోజు డెక్కన్ ఎయిర్‌వేస్ సంగతి చెప్పాను. 1945లో పెట్టారు, అందులో ఎక్కువ వాటా నిజాం రైల్వేదే, పక్కన టాటాలు. డకోటాలు నడిపేవాళ్లు. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. “అంటే మా బస్సులు నడిపిన రైల్వేనే విమానాలు కూడా నడిపిందా?” అన్నాడు. అవునన్నాను. “మరి మా డిపార్ట్‌మెంటే కదరా” అన్నాడు, ఏదో పాత ఏరియర్స్ బాకీ ఉన్నట్టు.

పోయిన జుమ్మా తరవాత పాస్‌పోర్టు ఫోటో దిగొచ్చాడు. కిటికీ సీటు వద్దంట. ముందు సీటు కావాలంట, డ్రైవర్ కనబడాలంట.