రక్షణ గౌను: ఉతకడమా, పారవేయడమా?

దిల్‌సుఖ్‌నగర్ నుండి కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ చేరేలోగా బాటకు ఇరువైపులా ఎన్నో ఆసుపత్రులు, నర్సింగ్‌హోములు కనిపిస్తాయి. ఐనా వాటిలో వైద్యులు, నర్సులు తొడిగే రక్షణ గౌనును గూర్చి మనం ఆలోచించడం అరుదు.

మా అమ్మ చికిత్స నిమిత్తం ఈ ప్రాంతపు నర్సింగ్‌హోమొకదానిలో నాలుగు రాత్రులు గడిపినప్పుడు నాకా ఆలోచన కలిగింది. నర్సు వచ్చిన ప్రతిసారీ కొత్త నీలి గౌను. వెళ్లేటప్పుడు అది చెత్తసంచి పాలు. తెల్లవారేసరికి సంచి నిండేది. దానిని ఎత్తుకుపోయే ఆయాకు మాత్రం పలుచని చేతితొడుగులే గాని ఒంటిమీద గౌను లేదు.

పారవేసే గౌను సాధారణంగా పాలీప్రొపిలీన్‌తో, అనగా ఒక రకం ప్లాస్టిక్‌తో చేసినది. ఉతికే శ్రమ లేదు. 2020లో గాంధీ ఆసుపత్రిని కరోనా రోగులకే ప్రత్యేకించిన రోజుల్లో ఇటువంటి దుస్తులే సిబ్బందికి కవచమైనాయి. కాని ఆ మేలు వెనుక చెత్త మిగిలింది. 2020 మార్చి నుండి 2021 నవంబరు వరకు ఐక్యరాజ్యసమితి ద్వారా దేశాలకు చేరిన రక్షణ సామగ్రి సుమారు 87,000 టన్నులని, అందులో అధికభాగం వ్యర్థమై ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది.

దట్టమైన నేతగల పాలియెస్టర్ గౌనునైతే యాభైసార్లకు పైగా ఉతికి వాడవచ్చును. మొత్తంమీద దానికయ్యే ఇంధనం, మిగిలే చెత్త తక్కువని పెక్కు పరిశోధనలు తేల్చినవి. ఐతే వేడినీటితో ఉతకాలంటే 71 డిగ్రీల వేడిలో 25 నిమిషాలు ఉంచాలి, చిరుగులు పరీక్షించాలి, ఎన్ని ఉతుకులైనవో లెక్క వ్రాయాలి. అది జరగనిచోట ఉతికిన గౌను పేరుకే రక్షణ.

కనుక మామూలు దినాలలో ఉతికే గౌనే మేలని, ఆపత్కాలానికి పారవేసే గౌనులు నిలువ ఉంచుకోవాలని నా అభిప్రాయం. కాని ఏది ఎంచుకున్నా, మైలబట్ట ఉతికే మనిషికి, చెత్తసంచి మోసే ఆయాకు ముందుగా గౌను ఇవ్వాలి. 2022 ఏప్రిల్‌లో పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో వెయ్యి పడకల ప్రభుత్వ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అటువంటి చోట శస్త్రచికిత్స గదికి ఇచ్చే శ్రద్ధలో కొంత లాండ్రీ గదికీ దక్కాలి. విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు వైద్యులు, నర్సులు, అధికారులు కాగలరు. గౌను కొనే కాగితంపై సంతకం చేసేముందు ఆ ఇద్దరినీ తలచుకోండి.