పట్టికలో లేని ఊరు

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానమొకటి 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దించింది. మరునాడు విదేశాంగ మంత్రి జైశంకర్ రాజ్యసభలో, ఏయే సంవత్సరం ఎందరిని అలా తిప్పి పంపారో వెల్లడించారు: 2009లో 734, 2019లో 2042, 2024లో 1368. ఆ పట్టిక చూసి, రాజోలు నుంచి పత్రికకు వార్తలు పంపే మిత్రుడు నన్నడిగాడు: "ఇందులో మన కోనసీమ వాళ్ళెందరండీ?"

జవాబు దొరకలేదు. ఆ పట్టికలో సంవత్సరముంది గాని జిల్లా లేదు. ఉన్నా చిక్కే. పాత పాస్‌పోర్టులోని 'తూర్పు గోదావరి' 2022 ఏప్రిల్ తర్వాత కాకినాడా కావచ్చు, కోనసీమా కావచ్చు.

అయినా మా వీధికి అమెరికా కన్నా కువైట్ దగ్గర. ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళడానికి ముప్పయ్యేళ్ళు నిండని స్త్రీకి మన ప్రభుత్వం అనుమతివ్వదు. అందువల్ల కొందరు దొడ్డిదారిన వెళతారు. వలస లెక్కల్లోకి ఎక్కరు. 2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మా వీధికి ఒకామె తిరిగివచ్చింది. వెళ్ళినట్టే నమోదు కాని మనిషి వచ్చినట్టు ఎవరు రాసుకుంటారు?

మిత్రుడిప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టాడు. ఊరు, వెళ్ళిన దేశం, వెళ్ళిన ఏడు, వచ్చిన ఏడు, మిగిలిన అప్పు. పేర్లు మాత్రం రాయడు. "అచ్చులో పేరు పడితే అప్పులవాడు ముందు చదువుతాడండీ" అంటాడు. ఇప్పటికి పదకొండు ఇళ్ళు తిరిగాడు. అధికారుల పట్టికలో ఆ పదకొండూ ఎక్కడున్నాయో నాకింకా కనబడలేదు.

మీ ఊళ్ళో ఇటువంటి లెక్క ఎవరైనా రాస్తున్నారా?