పుటలో పలికే గొంతు

జాలపుటలో బొమ్మ పెట్టడానికి మార్క్ ఆండ్రీసన్ 1993 ఫిబ్రవరిలోనే ఒక ట్యాగును ప్రతిపాదించాడు. శబ్దానికీ, కదిలే బొమ్మకూ ఆ భాగ్యం కలగడానికి మరో 14 ఏళ్ళు పట్టింది. 2007లో ఒపెరా సంస్థ వీడియో ట్యాగును ప్రతిపాదించింది. ఆడియో దాని వెంటే వచ్చింది. అంతవరకూ అవి పుటలో అద్దెకున్నవే. రియల్‌ప్లేయరో, ఫ్లాషో విడిగా తెచ్చిపెట్టుకుంటే తప్ప నోరు విప్పేవి కావు. ఘంటసాలను వినబోయి 'ప్లగిన్ లేదు' అన్న పలకను దర్శించుకున్నవాళ్ళం మనలో ఎందరమో!

నాకు ఈ విషయంలో కొంత స్వార్థం ఉంది. మా తాతగారు గజేంద్రమోక్షం చదువుతుంటే నాన్నగారు టేపులో పట్టి ఉంచారు. ఆ రోజుల్లోనే దాన్ని రియల్ ఆడియోలోకి మార్చి దూరదేశాల్లోని బంధువుల కోసం పుటలో పెట్టాను. తరువాత టేపు బూజుపట్టి పాడైంది. ఫైలు మాత్రం చెక్కుచెదరలేదు; దాన్ని పలికించే ప్లగిన్లనే విహరిణులు వదిలేశాయి.

కొత్త ట్యాగు వాడుక ఎంత తేలికంటే, ఫైలు చిరునామా, 'కంట్రోల్స్' అన్న ఒక్క మాట రాస్తే చాలు, మీటలు విహరిణే అమరుస్తుంది. ట్యాగు తెలియని పాత విహరిణి దాని లోపల మనం రాసిన వాక్యాన్ని చూపిస్తుంది. అక్కడ నేను ఫైలుకు లంకె ఇచ్చాను.

అయితే తలుపు పెట్టినవాళ్ళు తాళంచెవి సంగతి తేల్చలేదు. ముసాయిదాలో ఆగ్ థియోరా, వోర్బిస్‌లను వాడమన్న సూచన ఉండేది. నోకియా, ఆపిల్ అభ్యంతరపెట్టగా 2007 డిసెంబరులో దాన్ని తీసేశారు. 2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 ఆగ్ పలికేది, సఫారీ హెచ్.264 చూపేది. 2014 అక్టోబరులో హెచ్‌టీఎమ్ఎల్5 ప్రమాణమైనప్పుడూ ఆ ఖాళీ అలాగే ఉంది. ఒకే పద్యానికి రెండు ఫైళ్ళు వరుసగా పెడితే విహరిణి తనకు తెలిసినదాన్ని ఎంచుకుంటుంది. దీన్ని చేతకాని రాజీ అన్నవారున్నారు. నాకైతే రెండు ప్రతులుండటం మేలే అనిపించింది. తాతగారి ఫైలును ఎంపీ3లోకీ, ఆగ్‌లోకీ మార్చుకున్నాను.

ఇప్పుడు పద్యపాఠం కూడా గొంతుతోపాటు కనబడేలా ట్రాక్ ట్యాగు చేరుస్తున్నాను. ఆ పాఠం యూటీఎఫ్-8లోనే ఉండాలని నియమం; మన యూనికోడు తెలుగుకు ఇంతకన్నా ఏం కావాలి? ఆడియో ట్యాగులో అక్షరాలు కనబడవు కనుక, బొమ్మ లేకపోయినా వీడియో ట్యాగునే వాడాను. మొదటి ఎనిమిది పద్యాలూ కుదిరాయి. తొమ్మిదోదాని నడుమ తాతగారు దగ్గి, నీళ్ళు అడుగుతారు. దాన్ని పాఠంలో రాయాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.