చప్పుడు రాని తుపాకీ, మా మామ మక్కచేను

ఈ మధ్య మా ఆఫీసు క్యాంటీన్లో ఒక కొత్త రకం న్యాయశాస్త్రం విన్నాను. పక్క టీములో ఒకాయన ఉన్నాడు. వాళ్ళ బంధువులకి వికారాబాద్ దగ్గర ఫామ్‌హౌస్ ఉందిట. "శని, ఆదివారాలు వచ్చెయ్యండి, రాత్రిపూట జీపేసుకుని తిరుగుదాం. కుందేలో, అదృష్టం బాగుంటే జింకో దొరుకుతుంది. సైలెన్సర్ ఉన్న గన్ ఉంది, చప్పుడే రాదు. ఎవరికీ ఇబ్బంది లేదు. అమెరికాలో కూడా లీగలే కదా" అన్నాడు. ఆ టేబుల్ దగ్గర ఆరుగురం ఉన్నాం. అందరం చదువుకున్నవాళ్ళమే. ఇద్దరు "అవునేమో" అన్నారు, ఒకాయన డేట్లు అడిగాడు!

నాది తాండూరు. వికారాబాద్ మీదుగా రైల్లో పోయొచ్చే మనిషిని కాబట్టి ఆ జింకలూ కుందేళ్ళూ నాకేదో చుట్టాలైనట్టు చురుక్కుమంది. అక్కడే నాలుగు మాటలన్నాను కానీ, లంచ్ బ్రేకులో చట్టం చెబితే ఎవరు వింటారు? అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు తుపాకీ సంగతి. మన ఆయుధాల చట్టం 1959 నాటిది. అందులో రెండో సెక్షన్లో ఫైరార్మ్ అంటే ఏమిటో నిర్వచనం ఉంది. మందుగుండుతో గానీ ఇంకో రకం శక్తితో గానీ గుండుని విసిరేది ఏదైనా ఫైరార్మే. అక్కడితో ఆగలేదు. పేలినప్పుడు వచ్చే శబ్దాన్ని గానీ మెరుపుని గానీ తగ్గించడానికి తయారుచేసిన ఉపకరణం కూడా ఫైరార్మ్ కిందకే వస్తుందని రాసుంది. ఇంకోసారి చదవండి. సైలెన్సర్ మనం అనుకునేట్టు తుపాకీకి తగిలించే సామాను కాదు, చట్టం దృష్టిలో అదే ఒక తుపాకీ. ఉత్త గొట్టం బీరువాలో పెట్టుకున్నా ఒక ఫైరార్మ్ పెట్టుకున్నట్టే లెక్క. పైగా ఆయుధాల నిబంధనల షెడ్యూల్లో దాన్ని నిషిద్ధ ఆయుధాలున్న మొదటి కేటగిరీలోనే పెట్టారు. మీ జిల్లా కలెక్టరు ఇచ్చిన డబల్ బ్యారెల్ లైసెన్సు చూపించి "ఇది కూడా అందులో భాగమే సార్" అంటే కుదరదు. లైసెన్సు లేకుండా ఫైరార్మ్ ఉంచుకుంటే, 2019లో చేసిన సవరణ తర్వాత, కనీసం 2 ఏళ్ళు, గరిష్ఠంగా 5 ఏళ్ళు జైలు. ఇంకా ఒక్క కుందేలు కూడా చావలేదు, గమనించండి.

"అది ఎయిర్‌గన్ అండీ, లైసెన్సు అక్కర్లేదు" అనే వాదన ఒకటుంది. మా వాడు కూడా చివరికి అక్కడికే వచ్చాడు. నిజమే, 2016 ఆయుధ నిబంధనల ప్రకారం పాయింట్ 177 బోరు, 20 జూళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కి లైసెన్సు మినహాయింపు ఉంది. కానీ మినహాయింపు ఉన్నది ఆయుధం కొనుక్కోవడానికి, ఉంచుకోవడానికి. దాంతో నెమలిని కొట్టడానికి కాదు. ఇక ఆ మినహాయింపు దాని మూతికి బిగించిన సైలెన్సర్‌కి కూడా వర్తిస్తుందని అమ్మేవాడెవడైనా చెబితే, ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మని అడగండి. వాడి మొహం చూసి మీకే అర్థమవుతుంది :)

ఇక వేట. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మొదట్లో లైసెన్సు వేటకి కొంత చోటుండేది. 1991 సవరణతో అదీ పోయింది. మన భాషలో చెప్పాలంటే డిఫాల్ట్ డినై. షెడ్యూళ్ళలో ఉన్న ఏ జంతువునీ వేటాడకూడదు, అంతే. చిన్న వైట్‌లిస్ట్ ఒకటుంది. ప్రాణం మీదికొస్తే సదుద్దేశంతో చేసిన ఆత్మరక్షణ, లేదా అధికారి రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతి. వేట అంటే చంపడమొక్కటే కాదు. ఉచ్చు వెయ్యడం, తరమడం, ఎర పెట్టడం, చివరికి ఆ ప్రయత్నం చెయ్యడం కూడా వేటే. కాబట్టి రాత్రంతా జీపులో తిరిగి ఏమీ దొరక్క తిరిగొచ్చినా "మేమేం చెయ్యలేదు కదా" అనడానికి లేదు. కృష్ణజింక, నెమలి షెడ్యూలు ఒకటిలో ఉన్నాయి. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. దాని ప్రకారం షెడ్యూలు ఒకటి జంతువుని చంపితే 3 నుంచి 7 ఏళ్ళు జైలు, 25 వేలకి తగ్గకుండా జరిమానా. వాడిన తుపాకీ, తిరిగిన బండి సర్కారు జప్తు చేసుకోవచ్చు. ఇంకా ఈఎమ్ఐ కట్టుకుంటున్న బండిలో వెళ్ళేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోండి.

గమనించారా, ఈ చట్టంలో సైలెన్సర్ ఊసే లేదు. ఉండక్కర్లేదు కూడా. వేటే నిషిద్ధమైనప్పుడు ఏ తుపాకీతో వేటాడావన్నది రెండో ప్రశ్న.

మరి అమెరికా సంగతేంటి? అక్కడ కథ వేరు. సైలెన్సర్ కనిపెట్టినాయన హైరమ్ పెర్సీ మ్యాక్సిమ్, 1909లో పేటెంట్ వచ్చింది. మెషిన్ గన్ మ్యాక్సిమ్ గారి కొడుకు. తండ్రి మోత పెంచితే కొడుకు తగ్గించాడన్నమాట. (అన్నట్టు, 1914లో అమెరికా హామ్ రేడియో సంఘాన్ని స్థాపించిన వాళ్ళలో ఈయనా ఒకడు. మనలాంటి గీక్ బాపతే.) 1934 చట్టంతో సైలెన్సర్ మీద 200 డాలర్ల పన్ను, రిజిస్ట్రేషన్ పెట్టారు. 2025లో చేసిన చట్టంతో 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది, రిజిస్ట్రేషన్ మాత్రం ఉంది. 42 రాష్ట్రాల్లో పెట్టుకోవచ్చు, వాటిలో దాదాపు అన్నిట్లోనూ దాంతో వేటాడొచ్చు. కనెక్టికట్‌లో మాత్రం ఉంచుకోవచ్చు కానీ వేటకి వాడకూడదు. నార్వే, ఫిన్లండ్ వేటగాళ్ళకైతే అది మామూలు సరంజామా.

వాళ్ళు చెప్పే కారణం చెవులు. అది కొట్టిపారేసే కారణం కాదు. రైఫిల్ పేలితే 160 డెసిబెల్స్ పైమాటే. సైలెన్సర్ 20 నుంచి 35 దాకా తగ్గిస్తుంది. డెసిబెల్ లాగరిథమిక్ స్కేలు కాబట్టి ఆ తగ్గుదల చెవికి చాలా ఎక్కువ. అలాగని సినిమాల్లోలాగా 'ఫుట్' మని వినపడదు. గుండు ధ్వని కంటే వేగంగా వెళ్తే దాని సొంత చిటపట దానికుంటుంది. డాలస్‌లో ఉండే మా కజిన్ ఈ విషయాలన్నీ పూస గుచ్చినట్టు చెబుతాడు. వాడు ఏటా వేట లైసెన్సు కొంటాడు. సీజన్ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో, ఎన్ని కొట్టొచ్చో వాడికి కంఠతా వచ్చు, వార్డెన్ వచ్చి అడిగితే చూపించాల్సినవి చూపిస్తాడు. అక్కడ వేట బహిరంగం, చప్పుడొక్కటే తక్కువ. మా క్యాంటీన్ మిత్రుడికి కావాల్సింది చప్పుడొక్కటే కాదు, మొత్తం వ్యవహారమే గుట్టుగా ఉండాలి. ఈ రెండిటికీ ఒకే పేరు పెట్టి "లీగలే కదా" అంటే ఎలా?

మన దగ్గర చప్పుడుకి ఇంకో పనుంది. 1998 అక్టోబరులో జోధ్‌పూర్ దగ్గర కాంకాణీ ఊళ్ళో కృష్ణజింకల కేసు గుర్తుందా? సల్మాన్ ఖాన్‌కి 2018 ఏప్రిల్ 5న 5 ఏళ్ళ శిక్ష పడింది, ఆయన అప్పీలు చేసుకున్నాడు. ఆ కేసులో సాక్షులు బిష్ణోయ్ గ్రామస్థులు. రాత్రి తుపాకీ మోత విని బయటికొచ్చి జీపుని వెంబడించామని కోర్టులో చెప్పారు. ఆ మోతే వినపడకపోతే వాళ్ళు నిద్రపోతూనే ఉండేవాళ్ళు, మనకా కేసే ఉండేది కాదు. అడవికి సీసీ కెమెరాలు ఎన్నున్నాయో మీకు తెలుసు. బీట్ ఆఫీసరుకి ఉన్న అతి చవకైన అలారం ఊరివాళ్ళ చెవులే.

మా ప్రాంతానికి ఈ షికారు పిచ్చి కొత్త కాదు. వికారాబాద్ పేరే పాయగా అమీరు వికారుల్ ఉమ్రా పేరు మీద వచ్చింది, ఫలక్‌నుమా కట్టించినాయన. ఆయన కాలంలో షికారంటే దర్జా. నవాబులు పోయారు, జాగీర్లు పోయాయి. ఇప్పుడు అనంతగిరి చుట్టూ వీకెండ్ నవాబులు తయారయ్యారు. ఇంకోపక్క అడవి కూడా అలాగే మిగల్లేదు. దామగుండంలో నేవీ రాడార్ స్టేషనుకి సుమారు 2,900 ఎకరాలు పోతున్నాయి, 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన చేశారు. దాని మంచిచెడ్డలు వేరే మాట్లాడుకోవాలి. కానీ చోటు తగ్గిన జంతువు ఎక్కడికి పోతుంది? చేలల్లోకి.

ఇక్కడ మా మామ కథ చెప్పాలి, ఎందుకంటే ఈ వేట చర్చలో ఎప్పుడూ జింకా, జింకని చంపే సినిమా హీరో తప్ప రైతు కనపడడు. మా మేనమామకి తాండూరు అవతల ఆరెకరాలుంది. కంది, మక్క వేస్తాడు. తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి నేను ఫోన్ చేస్తే, "ఆ గుర్తింపు పందులకు గూడ తెల్సినట్టుంది రా" అన్నాడు. మక్క కంకి పాలు పట్టే వేళకి అడవిపందుల మంద దిగుతుంది. తినేది తక్కువ, తొక్కి విరగ్గొట్టేది ఎక్కువ. ఒక్క రాత్రిలో అరెకరం పోతుంది.

అడవిపంది 2022 సవరణ తర్వాత షెడ్యూలు రెండులో ఉంది. పంటకి ప్రమాదమైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి చంపడానికి అనుమతివ్వొచ్చు. చట్టంలో 'నిలబడి ఉన్న పంట' అనే మాట స్పష్టంగా ఉంది. కేరళలో 2022లో ఈ అధికారాన్ని పంచాయతీల దాకా దించారు. నెమలి, కృష్ణజింకలకి ఆ వెసులుబాటు లేదు. షెడ్యూలు ఒకటి కాబట్టి పంట నష్టం చాలదు.

నేను మామకి క్యాంటీన్ ముచ్చట చెప్పి, "అట్లాంటి తుపాకి నీకుంటే బాగుండేదా?" అని సరదాగా అడిగాను. ఆయన నవ్వలేదు.

"సప్పుడు రాకుంటె నాకేం ఫాయిదా రా? నాకు గావాల్సిందే సప్పుడు. పంది సచ్చుడు గాదు, చేన్లకెళ్ళి పోవుడు గావాలె" అన్నాడు.

నాకు ఆ మాట చాలాసేపు బుర్రలో తిరిగింది. ఆయుధాల చట్టం పదమూడో సెక్షన్లో పంట రక్షణ కోసం భర్మారు తుపాకీకి లైసెన్సు ఇచ్చే సంగతి విడిగా రాసుంది. గొట్టంలో మందు కూరి పేల్చే పాతకాలం తుపాకీ. గాల్లోకి పేల్చినా మంద బెదిరి లేచిపోతుంది. అంటే రైతుకి తుపాకీలో పనికొచ్చే భాగమే మోత. అది తీసేస్తే మిగిలేది చంపడం ఒక్కటే.

అయితే దీనికి అడ్డువాదన ఉంది, దాచను. అనుమతి పొందిన షూటరు రాత్రిపూట వస్తే, మొదటి మోతకే మంద చెదిరి పక్క చేలో పడుతుంది. మా మామ పందులు వాళ్ళ దాయాది పందులవుతాయి. సర్కారే పూనుకుని లెక్క ప్రకారం సంఖ్య తగ్గించాలనుకుంటే, శాఖ చేతిలో సైలెన్సర్ ఉండటం పనికొచ్చే విషయమే కావచ్చు. ఆ చర్చ అటవీశాఖ పెడితే నేను వింటాను. ఫామ్‌హౌస్ ఓనరు పెడితే మాత్రం వినను.

నిజానికి మా దిక్కు చప్పుడు రాని తుపాకీ ఎప్పటినుంచో ఉంది. దాని పేరు కరెంటు తీగ. చేను చుట్టూ జీఐ వైరు కట్టి స్తంభం నుంచి కొక్కెం తగిలిస్తారు. లైసెన్సు లేదు, మోత లేదు, గురి లేదు. పందికీ, ఆవుకీ, మనిషికీ తేడా తెలీదు. మా పక్క ఊళ్ళో చీకటితో మోటరు వెయ్యడానికి వెళ్ళిన ఒక కూలీ మనిషి తెల్లారేసరికి వేరేవాళ్ళ తీగ మీద దొరికాడు. తీగ కట్టింది కూడా రెండెకరాల రైతే. వన్యప్రాణి కేసు, కరెంటు దొంగతనం కేసు, మనిషి చావు కేసు మూడూ ఒకడి మీదే. ఆయన భార్యకీ ఈయన భార్యకీ ఇప్పుడు ఒకే బతుకు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరో మామకి కూడా తీగ సలహా ఇచ్చారు. మా అత్త వాళ్ళని గడప తొక్కనివ్వలేదు.

అనుమతి కోసం మామ దరఖాస్తు పెట్టాడు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి పొమ్మంది. నష్టపరిహారానికి ఫొటోలు కావాలన్నారు, నేనే తీసి ప్రింట్లు వేయించి ఇచ్చాను. ఈలోగా కంకులు గట్టిపడ్డాయి. జవాబింకా రాలేదు.

క్యాంటీన్ మిత్రుడి ట్రిప్పు మాత్రం ఆగిపోయింది. బండి జప్తు మాట పనిచేసింది. డేట్లడిగినాయన ఇప్పుడు గోవా అంటున్నాడు.

మామకి నేను చేసింది ఒక్కటే. బ్యాటరీ మైకు ఒకటి కొని, ఆయన గొంతుతోనే "హోయ్, హోయ్" అని అరుపులు, రేకుడబ్బా మోత రికార్డు చేసి, పది నిమిషాలకోసారి మోగేట్టు లూపులో పెట్టాను. పదిహేనేళ్ళ అనుభవంలో నేను రాసిన ప్రోగ్రాముల్లో వాడినవాళ్ళు మెచ్చుకున్నది ఇదొక్కటే. నాలుగు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. ఐదో రోజుకి పందులు అలవాటు పడ్డాయి. రికార్డింగు మార్చాలిట. ఈ ఆదివారం అత్త గొంతు ప్రయత్నిద్దామని మామ ఫోన్ చేశాడు, ఆవిడకి ఇంకా చెప్పలేదు.