ఉప్పు వెయ్యకుండానే కొలిచేస్తారట!

ఒకవైపు చినగంజాం ఉప్పు మడులు, ఇంకోవైపు గుంటూరు మిర్చి యార్డు ఘాటు. ఈ రెంటి మధ్య పెరిగిన మనకి ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదో!

ద్రావణంలో ఏముందో కరెంటుతో కనిపెట్టాలంటే ముందు అందులో ఉప్పు కలపాలి. పొటాషియం క్లోరైడ్ లాంటిది, 0.1 మోలార్. కాలేజీ ల్యాబులో నేర్పేది ఇదే. కలపకపోతే ద్రావణానికి నిరోధం ఎక్కువై, మనమిచ్చిన వోల్టేజీలో బోలెడంత దారిలోనే ఖర్చయిపోతుంది. గ్రాఫు వంకర పోతుంది.

మరి ఎలక్ట్రోడునే చిన్నది చేస్తే? 10 మైక్రాన్ల ప్లాటినం తీగని గాజులో బిగించి, కొస మాత్రం బయటికి కనిపించేలా అరగదీస్తారు. తలవెంట్రుక దీనికన్నా ఎంతో లావు! మిల్లీమోలార్ ద్రావణంలో దీని గుండా పారేది దాదాపు 2 నానోఆంపియర్లు. పదో తరగతి ఓమ్ సూత్రమే వేసి చూడండి: నిరోధం కోటి ఓములున్నా దారిలో పోయేది 20 మిల్లీవోల్టులే. అంతే! పైగా అంత చిన్న కొస మీదికి అణువులు అన్ని వైపుల నుంచీ వచ్చి చేరతాయి కాబట్టి కరెంటు కాసేపట్లోనే నిలకడకి వస్తుంది. ఒక్క మెలిక ఉందిలెండి: ఉప్పు లేనిచోట, విద్యుదావేశమున్న కణాలని ఎలక్ట్రోడు తనవైపు లాగడమో తోసెయ్యడమో చేస్తుంది. ఆ లెక్క విడిగా చూసుకోవాలి.

1984లో బాండ్, ఫ్లీష్‌మాన్, రాబిన్‌సన్ సేంద్రియ ద్రావణుల్లో ఉప్పు కలపకుండానే కొలిచి చూపించారు. అవును, 1989లో కోల్డ్ ఫ్యూజన్ గొడవలో పేరు పోగొట్టుకున్న ఫ్లీష్‌మానే. నన్నడిగితే ఆయన్ని గుర్తుపెట్టుకోవాల్సింది దీనికి!

మిరపకాయ సంగతికొద్దాం. 2008లో ఆక్స్‌ఫర్డ్‌లో కాంప్టన్ బృందం కార్బన్ నానోట్యూబుల ఎలక్ట్రోడుతో మిరప సాసుల్లో కాప్సైసిన్‌ని, అంటే కారాన్ని, కొలిచింది. కారం నాలుక చెప్పే మాట కాదు, మీటరు చూపించే అంకె! కాప్సైసిన్‌కి ఆవేశం లేదు కాబట్టి పై మెలిక బెడద తక్కువ. నీళ్లలో అంతగా కరగదు. ఆల్కహాల్లో హాయిగా కరుగుతుంది. అలాంటి చోటే ఈ సన్నకొస పనికొచ్చేది.

నాగార్జున యూనివర్సిటీ కెమిస్ట్రీ పిల్లలూ, గుంటూరు సన్నాన్ని ఆల్కహాల్లో నానబెట్టి, చిటికెడు ఉప్పు కూడా వెయ్యకుండా ఓసారి కొలిచి చూడండి.