కోళ్లకు నీళ్లు

మిన్నెసోటా రాష్ట్రమున కాపురమున్న మా చెల్లెలు పెరటిలో ఆఱు కోళ్లను పెంచుచున్నది. ఈ వార్త తెలిసినంతనే మా బంధువులలో కొందఱు ముక్కుపై వేలు వేసికొనిరి. "శ్రోత్రియుల ఇంట పుట్టి, ఇంత చదువు చదివి, కోళ్లగూడు కడుగుటయా?" అని ఒక పెద్దమ్మగారు నన్ను నిలదీసి అడిగిరి. కోడిని పెంచుట తగునా తగదా యని వాదించినవారు పలువురు గాని, ఆ మంచులో ఆ ప్రాణులు ఏమి త్రాగునని అడిగినవారు లేరు. నేనిచట చెప్పదలచినది ఆ అడుగని ప్రశ్నను గూర్చియే.

రెండేండ్ల క్రిందట, ఆమె కోళ్లను తెచ్చిన తొలి శీతకాలమున, అమ్మను వెంటబెట్టుకొని పోయి అచట మూడు వారములుంటిని. మనము చలి యనునది చలి కాదు. ఆ రాష్ట్రమున టవర్ అను ఊర 1996 ఫిబ్రవరి 2వ తేదీన ఉష్ణము సున్నకు దిగువన 51 సెంటిగ్రేడు డిగ్రీలకు పడినది. అట్టి దినము అరుదే గాని, జనవరి రాత్రులందు సున్నకు దిగువ 20 డిగ్రీలు అచట వింత కాదు. పోసిన నీరు చూచుచుండగనే పొర కట్టును. పైననే ఏల కట్టవలెను? 4 డిగ్రీల వఱకు చల్లబడు నీరు బరువెక్కి అడుగునకు దిగును, అంతకంటె చల్లబడినది తేలికయై పైకి చేరును, గడ్డయు తేలును. చెఱువులోని చేపను బ్రతికించు ఈ నియమమే కోడికి శత్రువైనది. చేప గడ్డకు క్రింద నున్నది, కోడి పైన నున్నది.

గ్రుడ్లు పెట్టు కోడి దినమునకు సుమారు పావులీటరు నీరు త్రాగును. గ్రుడ్డులో నాల్గింట మూడు పాళ్లు నీరే గదా. నీరు లేనిచో మేత దిగదు. మేత దిగనిచో ఒంటికి వేడి పుట్టదు. చుట్టునున్న మంచును తినరాదా యని అడుగవచ్చును. ఒక గ్రాము మంచు కరగుటకే 80 కెలోరీల వేడి కావలెను. దానిని కోడి తన ఒంటినుండియే ఇచ్చుకొనవలెను. అమరకోశము నీటికి జీవనమను పేరును గూడ చెప్పినది. గడ్డకట్టిన తొట్టి యెదుట నిలిచిన కోడికి ఆ పేరుతో ప్రయోజనము లేదు.

అమ్మ గ్రుడ్డు ముట్టలేదు. గూటివైపు పోయివచ్చిన మనుమని కాళ్లు కడుగుకొమ్మనుటయు మానలేదు. కాని, వంటింటి కిటికీ దగ్గఱ కుర్చీ వేసికొని, "ఒరే, పొర కట్టినదిరా!" అని మొదట కేకవేయునది ఆమెయే. "రాత్రి దాహమునకు లేవవా?" అని యొకనాడు అడిగినది. మేమెవరము ఆలోచింపని మాట. విచారింపగా, కోడి చీకటిపడగనే అడ్డకఱ్ఱ నెక్కి తెల్లవాఱువఱకు నీరు ముట్టదని తెలిసినది. డిసెంబరులో అచట పగలు తొమ్మిది గంటలకు లోపే. కనుక పొద్దుగ్రుంకగనే తొట్టి గుమ్మరించి ఇంటిలోనికి తెచ్చినచో, ఇరువదినాల్గు గంటల పని తొమ్మిదింటికి తగ్గును. గూటిలో రాత్రి తేమయు తగ్గును. తేమయే మంచుకాటుకు తోడగునది. కోడిపుంజునకు సంస్కృతమున తామ్రచూడమని పేరు. ఆ రాగిరంగు తురాయి మంచుకాటు తగిలినచో కొసనుండి నల్లబడి రాలిపోవును.

ఉపాయములకు కొదువ లేదు. ఉప్పునీటి సీసాను తొట్టిలో తేలవేయుమని అచట పలువురు చెప్పుదురు. సీసాలోనిది ద్రవముగా నుండవచ్చును గాని, చుట్టునున్న మంచినీరు సున్న డిగ్రీల వద్ద తన పని తాను చేసికొనును. ఉప్పును నీటిలోనే కలుపుదమందురా, అది కోడికి విషము. బిస్కత్తుల రేకుడబ్బాలో బల్బు నమర్చి దానిపై తొట్టి నుంచుట పాత పద్ధతి. నేటి ఎల్ఈడీ బల్బునకు వెలుగే గాని చాలినంత వేడి లేదు. గూటిలో వేడిదీపము వ్రేలాడదీసిన, గడ్డి యంటుకొని గూడు కాలిపోవు ప్రమాదము కలదు. మా చెల్లెలు నమ్మినవి నల్లని రబ్బరు తొట్లు రెండు. నలుపు ఎండను పీల్చును. రబ్బరు వంగును గనుక బోర్లించి కాలితో నొక్కిన గడ్డ ఊడి పడును. ఒకటి బయట నుండగా రెండవది ఇంటిలో కరగుచుండును.

ఆ తొట్లు దినమునకు ఐదు పర్యాయములు మోసినదెవరు? భార్యాభర్తలిద్దఱును ఉద్యోగస్థులే. అయినను మోత ఆమెదే. నేనున్నన్నాళ్లు కొంత పంచుకొంటిని. అది అతిథి చేసిన సాయము, లెక్కకు రాదు. మఱుసటి శీతకాలమున మా బావ, నీరు గడ్డకట్టు వేళకు తానై వేడెక్కు విద్యుత్పీఠమును కొనితెచ్చి, ఇక చింత లేదనెను. ఒకనాటి తుపానులో కరెంటు పోయినది. తెల్లవాఱి చూచినవారు లేరు. మధ్యాహ్నమునకు తొట్టి రాయి. "వేడిచేయుట యంత్రము పని, చూచివచ్చుట మనిషి పని, ఆ మనిషిని ప్రతిదినము నేనే యేల కావలెను?" అని మా చెల్లెలు అడిగినదట. వంటింటి గోడకు ఒక కాగితము అంటించినది: ఉదయము భర్త, సాయంకాలము కొడుకు, సెలవుదినముల మధ్యాహ్నము తాను. ఆ కాగితపు ఫొటోను నాకు పంపగా, విద్యుత్పీఠముకంటె అదియే నాకు గొప్ప సాధనముగ తోచినది. మన యిండ్లలో బావి పోయి కొళాయి వచ్చినను, నీటి బిందె ఆడుదాని నడుము దిగలేదు.

కోళ్లవలన ఇంటి మర్యాద పోయినదన్న పెద్దమ్మగారికి ఈ కాగితపు సంగతి గూడ చెప్పితిని. "అల్లుడు కోళ్లకు నీళ్లు మోయుటయా!" అని మఱింత నొచ్చుకొనిరి. గోదావరి జిల్లాల కోళ్లఫారములలో మే నెలలో గొట్టములలోని నీరు కాగి కోళ్లు త్రాగకపోవుటయు, పనివారు గోనెపట్టాలు తడిపి చుట్టుటయు వారికి తెలియును. అచటి కాపలాదారు మగవాడే గదా యంటిని. "వానికి జీతమిత్తురు" అని వారి సమాధానము.